కుర్చీ మీద గొడుగు

పోయిన ఆదివారం సంతాప సభలో పటేలు కండువాతో కళ్లద్దుకుంటూ చెప్పిన మాట ఇది: "ఆ తల్లి అధ్యక్షురాలుగ ఉన్నన్ని దినాలు ఒక్కనాడు గా కుర్చీల కూసోలే. అంత పెద్ద పదవిని గడ్డిపోచ లెక్క ఇడిసిపెట్టింది." బస్తీ కమిటీ షెడ్డు నిండా కూర్చున్న జనం తలలూపారు. నాంపల్లి స్టేషను వెనక మా సందులో ఇప్పుడు ఎవరిని అడిగినా ఇదే కథ చెబుతారు. కొత్త రాష్ట్రం వచ్చాక కర్నూలు నుంచి బదిలీ అయి మా పక్క వాటాలో దిగిన వాళ్లకు కూడా సామాను సర్దుకోకముందే ఈ కథ చేరిపోయింది.

నేను ఒప్పుకోను. కుర్చీలో ఆమె కూర్చోలేదన్న మాట నిజమే. ఆమె గొడుగు కూర్చుంది. సభ మొదలవగానే ఆ నల్ల గొడుగును అధ్యక్షుడి కుర్చీ మీద అడ్డంగా పెట్టి, తను పక్కనున్న బెంచీ చివర ఒదిగి కూర్చునేది. నాలుగేళ్లపాటు ఆ కుర్చీలో ఇంకో మనిషి కూర్చునే దారి లేకుండా చేసింది ఆ గొడుగే. దీన్ని వైరాగ్యమంటారా? మనిషి కూర్చుంటే లేవమని అడగొచ్చు. గొడుగును ఎవరు లేవమంటారు?

ఇక గడ్డిపోచ సంగతి. అది పటేలు నోట విన్నప్పుడు నాకు ఒక నిమిషం చెవులు పనిచేయలేదు. ఆ కథ చెప్పడానికి ఈ లోకంలో హక్కు లేని మనిషి ఎవరైనా ఉంటే అది ఆయనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. బస్తీకి ఆమె నర్సమ్మ. మెదక్ వైపు ఒక మిషన్ దవాఖానలో ఏళ్ల తరబడి కాన్పులు చేసి, పని మానుకున్నాక మా సందులో ఒక గది కిరాయికి తీసుకుంది. తెల్లచీర, చేతిలో ఎప్పుడూ గొడుగు, భుజం దగ్గర పిన్నుకు వేలాడే గడియారం. ఆ గొడుగును ఆమె విప్పగా నేనెన్నడూ చూడలేదు. ఎండలో మూసే ఉండేది. వానొస్తే ఆమె ఎవరిదో చూరు కింద నిలబడేది, గొడుగు మాత్రం మూసే. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. తడిస్తే ఆరాలి కదా, అది ఆరేదాకా చేతిలో ఏం పట్టుకు తిరగాలి అంది. ఆ జవాబు ఆమెకు చాలా సహజంగా తోచినట్టుంది.

ఎవరు ఫిర్యాదు మోసుకొచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే. "చేతులు కడుక్కున్నవా?" కడుక్కుని వచ్చాకే వినేది. చేతులు కడిగేలోపు సగం ఫిర్యాదులు చల్లబడేవి. మిగిలిన సగానికి ఇంకో మందు ఉండేది. ఎవరైనా గొంతు పెంచితే మాట్లాడకుండా వాళ్ల మణికట్టు పట్టుకుని, భుజం మీది గడియారం పైకెత్తి చూస్తూ నాడి లెక్కబెట్టేది. నాడి చూస్తున్న మనిషి ముందు అరవడం ఎవరి వల్లా కాదు. ప్రయత్నించి చూడండి. తమకేదో రోగం ఉందేమోనన్న భయంతో నోరు దానంతటదే మూతపడుతుంది. మా ఇంటాయన రైల్వే ఆఫీసులో ఎంత మందినో గదమాయించే మనిషి. నర్సమ్మ మణికట్టు పట్టుకుంటే మాత్రం చిన్నపిల్లాడిలా నాలుక బయటపెట్టి చూపించాడు. ఆమె నాలుక అడగలేదు.

మా సందుకు రెండు భాగాలు. పై సందులో ఊళ్లలో పొలాలూ పుట్రా ఉండి, గొడవల కాలంలో పట్నం చేరిన కుటుంబాలు, మాలాంటి చిన్న ఉద్యోగస్తులు. పటేలుది స్టేషను పక్కన బొగ్గు డిపో. కింది సందులో ఊళ్లకు అవతల వాడల్లో ఉంచిన కుటుంబాలు. మెదక్ వైపు మిషన్‌లో కలిసి, రైలు కూలి కోసమో ఇళ్లలో పని కోసమో ఇటు వచ్చిన వాళ్లు. నర్సమ్మ పుట్టింది కూడా అటువంటి వాడలోనే. గది మాత్రం రెండు సందులూ కలిసే మలుపులో ఉండేది.

పోలీసు చర్య అయిపోయి పరిస్థితులు కుదుటపడ్డాక బల్దియా వాళ్లు, అంటే మునిసిపాలిటీ వాళ్లు, ఆ మలుపులోనే ఒక్క నల్లా వేశారు. పొద్దున కాసేపు వచ్చేది, ఆగిపోయేది. బస్తీ కమిటీ పుట్టింది ఆ నల్లా కోసమే. ఏడాదికోసారి అధ్యక్షుడి ఎన్నిక. ఆ పదవికి జీతం లేదు, గౌరవం కూడా అంతంతే. నల్లా పెట్టె తాళంచెవి మాత్రం ఆ చేతిలో ఉంటుంది. నీళ్లకు లైను ఎలా నిలబడాలో చెప్పే మాటా ఆ నోటిదే. మా బస్తీలో అంతకు మించిన ప్రభుత్వం లేదు.

మొదటి ఏడు పోటీ లేకుండా నర్సమ్మను పెట్టారు. ఆమె ఒక్కటే లైను అంది. పై సందూ కింది సందూ అన్న తేడా లేదు, ముందొచ్చిన బిందె ముందు. తర్వాత ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. పటేలు భార్య బిందెకు వెనకనున్న కింది సందు ఆడమనిషి బిందె తగిలింది. పటేలు భార్య ఒక్క మాట అనకుండా నిండు బిందెను అక్కడే కుమ్మరించింది. నర్సమ్మ ఆ ఖాళీ బిందె అందుకుని తనే నింపి ఆమె చేతికిచ్చింది.

"ఇప్పుడు నేను గూడ ముట్టిన. పారబోస్తె పారబొయ్యి బిడ్డా, నేనేమనను. పారబోసినోల్లు లైను ఆఖరికి పోవాలె, అంతే."

శిక్ష లేదు, ఉపన్యాసం లేదు. పారబోస్తే ఆఖరికి పోవాలి. ఆఖరికి పోతే నీళ్లుండవు. పటేలు భార్య రెండోసారి కూడా పారబోసింది. ఆ పూట వాళ్ల పొయ్యి వెలగలేదు. ఆ వారం దాటాక మా నల్లా దగ్గర ఎవరూ చుక్క నీరు పారబోయలేదు. ఊళ్లలో తరాలు పట్టేది మా సందులో వారం పట్టింది. ఇంతటి పని చేసిన మనిషిని మెచ్చుకోక ఏం చేస్తాం. నేనూ మెచ్చుకున్నాను. నా తగాదా ఆమె చేసిన పనితో కాదు, ఆమె గొడుగుతో.

ఓటు పద్ధతి కూడా ఆమె పెట్టిందే, అది కూడా చెప్పాలి. రెండో ఏడు ఎవరో ఒకాయన పోటీకి నిలబడితే చేతులెత్తమన్నారు. లెక్కబెడితే సభలో ఉన్న మనుషుల కంటే లేచిన చేతులు ఎక్కువ తేలాయి. సంగతేమిటంటే, మా వాళ్లు ఎవరడిగినా కాదనలేరు. మొహమాటం కొద్దీ ఇద్దరికీ చేతులెత్తారు. పోటీకి నిలబడ్డ ఆయన కూడా నర్సమ్మకు చెయ్యెత్తి ఉన్నాడు. అప్పట్నించి చెప్పుల ఓటు వచ్చింది. షెడ్డుకు ఒకటే వాకిలి. ఔననే వాళ్లు వాకిలికి ఎడమ పక్కన, కాదనే వాళ్లు కుడి పక్కన చెప్పులు విడవాలి. చెప్పుల్లేని వాళ్లు పట్టాల పక్కనుంచి ఒక కంకర రాయి తెచ్చి పెట్టాలి. ఒక జత చెప్పులు రెండు పక్కలా ఉండలేవు కదా.

ఏడాది తర్వాత ఏడాది, నర్సమ్మ మీద పోటీ చేసే వాళ్లే లేకుండా పోయారు. నేను అబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో పంతులమ్మను. బి.ఎ. చదివాను. పౌరధర్మాలు పాఠం చెబుతాను. పొద్దున బళ్లో పిల్లలకు ఎన్నికల గొప్పతనం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి గొడుగు ఏలే బస్తీలో కాపురం చేయడం నాకు ఒంటికి పడలేదు. ఎంత మంచి మనిషైనా సరే, ఒక మనిషి రెండుసార్లకు మించి అధ్యక్ష పదవిలో ఉండకూడదు, ఇదివరకు చేసినవీ లెక్కలోకే వస్తాయి అని ఒక రూలు తేవాలనుకున్నాను.

ఆమెకు చెప్పకుండా పెట్టడం దొంగతనమనిపించింది. యాభై మూడు ఎండాకాలం మొదట్లో, ఆమె గడియారం ఆగిపోతే అబిడ్స్‌లో బాగుచేయించడానికి తోడు వెళ్లాను. గడియారం దుకాణం అరుగు మీద నిలబడి మొత్తం చెప్పేశాను. అమెరికా వాళ్లంతటి వాళ్లే మొన్నమొన్న ఇదే రూలు రాసుకున్నారని కూడా చెప్పాను.

ఆమె శ్రద్ధగా విని అడిగింది: "అమెరికాల నల్లా ఎన్ని గంటలకొస్తది బిడ్డా?"

నాకు ఒళ్లు మండింది. ఆమె నవ్వింది. తర్వాత గడియారం చెవి దగ్గర పెట్టుకుని, అది నడుస్తున్నదని నమ్మకం కుదిరాక అంది: "పెట్టు. నేను అడ్డం మాట్లాడ్త. గట్టిగ మాట్లాడ్త. తయారై రా." నన్ను ఇంటికి పొమ్మని, తనకు బేగం బజార్లో పనుందని అటు నడిచింది. గొడుగు చంకలో ఉంది. ఎండ మాడ్చేస్తోంది.

సభ ఆదివారం, కింది సందు వాళ్ల చర్చి ప్రార్థన అయ్యాక. పిలుచుకొచ్చే వంకన ఆమె గదికి వెళ్లాను. గడప పక్కన ఒక కొత్త ఇత్తడి బిందె, చింతపండుతో తోమి బోర్లించి ఉంది. కొంచెం వింతగా తోచింది. అధ్యక్షురాలి నీళ్లు కింది సందు ఆడపిల్లలు వంతులేసుకుని తెచ్చిపోసేవాళ్లు. ఆమె ఇంట్లో నేనెరిగింది ఒక మట్టికుండ, చెంబు. బిందె ఎందుకని అడిగాను. "నీళ్లకు" అంది. నా తల నిండా నా ఉపన్యాసమే ఉంది, ఇంకేమీ అడగలేదు.

అన్నమాట ప్రకారం ఆమె గట్టిగానే మాట్లాడింది. మొదటి ఏడు బల్దియా వాళ్లు తనను గుమ్మం బయట నిలబెట్టారంది. రెండో ఏడు ముఖం గుర్తుపట్టారు, మూడో ఏడు కుర్చీ వేశారు, పోయిన ఏడు చాయ్ ఇచ్చారు. ఇప్పుడు కొత్త మనిషిని పంపితే మళ్లీ గుమ్మం దగ్గర్నించి మొదలు. వాళ్లు చాయ్ ఇచ్చారంటేనే మనిషిని మార్చే వేళయిందని గుర్తు, అన్నాను. జనం నవ్వారు. కాన్పు మధ్యల నర్సును మారుస్తరా అని అడిగింది. ఏ కాన్పు నాలుగేళ్లు నడిచింది నర్సమ్మా అన్నాను. ఈసారి ఆమె కూడా నవ్వింది. పనికిరాని మనిషిని జనమే దించుతారు, దానికి రూలెందుకంది. గొడుగు మీద పోటీ ఎవరు చేస్తారు, అది కుర్చీ మీద ఉన్నంతకాలం మాకు మనుషులు కనబడరు, గొడుగే కనబడుతుంది అన్నాను. నా గొంతు పెరిగిపోయింది. ఆమె బెంచీ దిగి వచ్చి సభ మధ్యలో నా మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. "గట్టి గుండె" అని సభకు చెప్పి వెళ్లి కూర్చుంది. అది ఏ పక్కకు వాదనో ఇప్పటికీ నాకు తెలియదు.

పటేలు లేచి నన్ను బలపరిచాడు. పంతులమ్మ చెప్పింది లక్షరూపాయల మాట అన్నాడు. పై సందు వాళ్లు మరో నలుగురు లేచారు. నాకు సంతోషమైంది. చదువుకున్న మాటకు విలువ ఇచ్చేవాళ్లు ఉన్నారనుకున్నాను.

చెప్పులు విడిచారు. పటేలూ ఇంకొకాయనా కలిసి లెక్కబెట్టారు. రెండు పక్కలా సమానం. అధ్యక్షురాలి ఓటు ఆఖరున, సమానమైతేనే. అది అప్పటి దాకా ఎన్నడూ అవసరపడలేదు. ఆమెకు చెప్పులు విడవాల్సిన పని కూడా లేదు, ఆమె ఎటు మాట్లాడిందో అందరూ విన్నారు కదా. నేను ఓడిపోయానని కాగితాలు మడుచుకుంటున్నాను.

నర్సమ్మ లేచింది. కుర్చీ మీది గొడుగు తీసుకుంది. వాకిలి దాటి, వంగి, దాన్ని ఎడమ పక్కన పెట్టింది. ఔననే పక్కన.

కుర్చీ ఖాళీగా ఉంది. నాలుగేళ్లలో మొదటిసారి దాని చెక్క పలకలు కనబడ్డాయి. ఒకదానికి పగులుంది. నేను గెలిచానని నాకు అర్థం కావడానికే సమయం పట్టింది. అర్థమయ్యాక వాకిలి దగ్గరికి పరుగెత్తాను, ఆమె చెయ్యి పట్టుకుందామని. అక్కడ చెప్పులు కనబడ్డాయి.

ముందే చూసి ఉండొచ్చు, చూడలేదు. కుడి పక్కన కంకర రాళ్లు, తెగిన చెప్పులకు పురికొస కట్టినవి, మా ఇంట్లో అంట్లు తోమే మనిషి పెట్టిన రాయి. కింది సందు మొత్తం అటే. ఎడమ పక్కన కిర్రుచెప్పులు, బూట్లు, పటేలు తోలుచెప్పులు, ఆయన భార్యవి, ఆయన తమ్ముళ్లవి. పై సందు మొత్తం ఇటే. వాటి మధ్యలో నావి. కింది సందుది ఒక్క రాయి కూడా మా పక్కన లేదు. ఉన్న ఒక్క వస్తువు ఆ గొడుగు.

పటేలు చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ నా పక్కకు వంగి మెల్లగా, ఎంతో మర్యాదగా అన్నాడు: "శానా మంచి పని చేసిన్రు పంతులమ్మా. ఇగ రేపటిసంది ఎవ్వల నీల్లు వాల్లయి."

ఆయన చెప్పుల పక్కనుంచి నావి తీసి, చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాను.

ఆ వారమే పటేలు అధ్యక్షుడయ్యాడు. మర్నాటి పొద్దున నల్లా దగ్గర రెండు లైన్లు. పై సందు ముందు, మిగిలితే కింది సందు. ఎవరూ ప్రకటించలేదు, ఎక్కడా రాయలేదు. ఆయన తమ్ముళ్లు అడ్డంగా నిలబడ్డారు, అంతే. అప్పుడు మలుపులోంచి నర్సమ్మ వచ్చింది. చంకన ఆ కొత్త బిందె, చేతిలో గొడుగు. ఏ లైనులోనూ నిలబడలేదు. రెండింటికీ మధ్యన నిలబడింది.

పటేలు నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, నేనెదురుగానే ఉన్నాను. ఆయన పిల్లలందరినీ ఆమె చేతులే భూమ్మీదికి తెచ్చాయి. "మీకు లైనేంది నర్సమ్మా, ముందుగాల మీరు పట్టుకోండ్రి" అన్నాడు.

"లైనుంటె అందరికి ఉంటది పటేలా. నాదేదో నువ్వు జెప్పు, గండ్ల నిలవడ్త. అధ్యక్షునివి. నోటితోని జెప్పు."

ఆయన నోరు తెరిచాడు. చెప్పడానికి ఉన్నవి రెండే మాటలు. పై లైను అంటే ఆయన రూలు అక్కడికక్కడ పోతుంది. కింది లైను అంటే తన బిడ్డల బొడ్డు కోసిన చేతుల్ని పట్టుకుని ఎక్కడి వాళ్లో అక్కడ నిలబడమనాలి. పనులు చేయడమే కాని వాటికి పేరు పెట్టి నోటితో అనడం మా వాళ్లకు చేతకాదు. ఆయన చూపు తిప్పుకుని డిపోకు వెళ్లిపోయాడు. ఆమె నిలబడే ఉంది. రెండు లైన్లూ అయ్యాక నల్లా కింద బిందె పెట్టింది. అడుగు తడిసింది, అంతే.

అలా రెండేళ్లు. ప్రతి పొద్దూ. కింది సందు వాళ్లు తమ బిందెల్లోంచి పోయబోతే లైను దాటి తీసుకోనని చెప్పేది. నీళ్లు దొరకని నాడు స్టేషను నల్లా దాకా నడిచి చెంబుతో తెచ్చుకునేది. పై సందు ఆడవాళ్లు బిందెలు నింపుకుంటూ ఆమె వైపు చూడకుండా ఉండడం నేర్చుకున్నారు. అది కష్టమైన విద్యే, ఎందుకంటే ఆమె అందరినీ పలకరించేది. పిల్లవాడికి దగ్గు తగ్గిందా, పెద్దమ్మకు మోకాలు ఎట్లుంది అని.

మొదటి వారంలోనే నేను ఆమె గదికి వెళ్లి చెడామడా మాట్లాడాను. ఎందుకు పెట్టారమ్మా గొడుగు అటు అని. రేపే ఇంకో సభ పిలుస్తాను, నా రూలు నేనే కొట్టేయిస్తాను, మీరు మళ్లీ రండి అన్నాను.

"రూలు మంచిదే బిడ్డా. ఎందుకు కొట్టేస్తవు?"

"మంచిదైతే అన్ని మాటలు ఎందుకు ఎదురు మాట్లాడినారు?"

"ఎవలో ఒకలు మాట్లాడాలె గదా. మాట్లాడకుంటె చప్పట్లు గొట్టి ఇంటికి వోతరు."

"పై సందు వాళ్ల మనసులో ఏమున్నదో మీకు ముందే తెలుసా?"

ఆమె నా చేతుల వైపు చూసింది. "చేతులు కడుక్కున్నవా?" అంది. నేను లేచి వచ్చేశాను. తలుపు గట్టిగా వేసి మరీ వచ్చాను.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ నా నోట పెట్టకుండా. ఆ రూలు తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కోపంలో కొట్టేయిస్తానన్నాను కానీ ఆ సభ పిలవలేదు. ఒక ముసలామె చేతిలో గొడుగు ఉన్నంతవరకే నిలిచే న్యాయం, ఆమె మంచాన పడ్డ రోజున ఏమయ్యేది? ఈ మాట మా ఇంటాయనతో రోజూ వాదించాను. ఆయన మాత్రం, నీ రూలు పుణ్యమా అని ఆమె స్టేషను నుంచి నీళ్లు మోస్తోంది అనేవాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు లేనంత మాత్రాన వాదన తప్పు కాదు.

యాభై అయిదులో పటేలు రెండు దఫాలూ అయిపోయాయి. అప్పుడాయనకు రూలులో లోపం కనబడింది. మంచిగ చేస్తున్న మనిషిని దింపుడు ఏం న్యాయమని సభలో అడిగాడు. నర్సమ్మ మాటే, అక్షరం తేడా లేదు. రూలు తీసేద్దామని ఆయనే ప్రతిపాదించాడు. తీసేయాలనే వాళ్లు ఎడమ, ఉంచాలనే వాళ్లు కుడి. లెక్కబెడితే ఎడమ పక్కన ఆయనవీ తమ్ముళ్లవీ తప్ప పెద్దగా లేవు. కింది సందు రాళ్లతో పాటు పై సందు చెప్పులు కూడా కుడి పక్కకే వచ్చాయి. ఒకప్పుడు బిందె కుమ్మరించిన ఆయన భార్య చెప్పులు కూడా అటే ఉన్నాయి.

ఇందులో ఎవరి గుండె కరిగిందని నేను చెప్పను. రెండేళ్లలో పై లైనులో ఏం జరిగిందంటే, పటేలు తమ్ముళ్ల ఇళ్ల బిందెలు రోజూ ముందు నిండేవి, మిగతా పై సందు వాళ్లు వెనక నుంచునేవాళ్లు. తోడికోడళ్ల ముందు వెనక్కి తగ్గి తగ్గి ఆయన భార్యకు విసుగొచ్చింది. తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఒక రైలు గార్డు. రెండు లైన్లకు కాపలా ఉండడానికి ఆయనకు తమ్ముళ్లు లేరు. ఒక పొద్దున చూస్తే ఒకటే లైను ఉంది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నర్సమ్మ తన బిందెతో వచ్చి ఆ లైను చివర నిలబడింది. అంతవరకూ మధ్యలో నిలబడ్డ మనిషి ఒక అడుగు పక్కకు వేసింది, అంతే తేడా.

ఆమె ఈ మధ్యనే నిద్రలో పోయింది. కింది సందు వాళ్లు పాటలు పాడి తీసుకువెళ్లారు. పై సందు వాళ్లు కూడా వెంట నడిచారు. అది బాగానే ఉంది. ఆ తర్వాతే సభ. పటేలు ఆమె గొడుగు తెప్పించి, అధ్యక్షుడి కుర్చీ మీద అడ్డంగా పెట్టి, దానికి బంతిపూల దండ వేశాడు. వేసి ఆ గడ్డిపోచ కథ చెప్పాడు. రెండు లైన్ల మాట ఆ కథలో లేదు. స్టేషను నల్లా లేదు. నేల మీద చెప్పులు లేవు. రెండేళ్లు రోజూ పొద్దున కళ్లెదుట నిలబడ్డ మనిషిని, మరో రెండేళ్లు తిరిగేలోపు ఇంతమంది కలిసి ఇంత శుభ్రంగా మరిచిపోగలరా అని నేను నిర్ఘాంతపోయాను. ఇంకా దారుణం, ఆయన ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆయన ఆ కథను నమ్ముతున్నాడు.

నేను లేచి వెళ్లి కుర్చీ మీంచి గొడుగు తీశాను. దండ కింద పడింది. పటేలు బిత్తరపోయి "గిదేంది పంతులమ్మా" అన్నాడు. ఆమె దీన్ని ఆఖరిసారి పెట్టిన చోటు ఇది కాదన్నాను. వాకిలి దాటి, ఎడమ పక్కన పెట్టి, ఇంటికి వచ్చేశాను. నా వెనక ఎవరెవరు ఏమన్నారో రోజూ ఎవరో ఒకరు వచ్చి చెబుతూనే ఉన్నారు.

అననివ్వండి. నాకు కావలసిన జవాబు వాళ్ల దగ్గర లేదు. నేను ఆ చర్చ గెలిచానని మూడేళ్లుగా అనుకుంటున్నాను. చాయ్ మాటో, కాన్పు మాటో, గొడుగు మాటో, ఏదో ఒకటి తగిలి ఆమె మనసు ఆ షెడ్డులో మారిందని. కానీ ఆ మధ్యాహ్నం సభకు ముందే బిందె తోమి బోర్లించి ఉంది. ఇక మీదట తన నీళ్లు తనే మోసుకోవాలని, ఏ లైనూ తనది కాదని తెలిసిన మనిషి కొనుక్కున్న బిందె అది. గడియారం దుకాణం దగ్గర నన్ను ఇంటికి పంపించి, ఆ ఎండలో నువ్వు బేగం బజారుకు దేనికి వెళ్లావు నర్సమ్మా? ఆ బిందె ఆ రోజే కొన్నావా?